లోపల ఏమీ లేని కంప్యూటరు

కంప్యూటర్లు బాగుచేసే పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "మేడమ్, మీ అనుభవం చెప్పండి" అని అడుగుతారు. ఇంతకాలం చేసింది గనక ఈమెకు అన్నీ తెలిసే ఉంటాయని వాళ్ళ నమ్మకం. వాళ్ళ మొహాలు చూస్తే నాకు నవ్వూ వస్తుంది, గుబులూ పుడుతుంది. నిజం చెప్పాలంటే పనిలో చేరిన రోజుకంటే మానేసిన రోజునే నాకు ఎక్కువ అయోమయంగా ఉండింది. చేరిన రోజు ఏ వస్తువు ఎక్కడుందో తెలియదు, నేర్చుకుంటే తెలుస్తుందనుకున్నాను. మానేసే నాటికి ఆ వస్తువు అసలు ఎక్కడైనా ఉందా అనే అనుమానం పట్టుకుంది.

నాది హిందూపురం. ఊళ్ళోనే ఒక సర్వీస్ సెంటర్లో చేరి, అక్కడే తల నెరిసి, అక్కడి నుంచే ఇంటికి వచ్చేశాను. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, ఈ మూడు ఊళ్ళు నా పరిధి. స్క్రూడ్రైవర్ల సంచి ఒళ్ళో పెట్టుకుని రైల్లోనో బస్సులోనో తిరగడమే నా ఉద్యోగం. ఆడమనిషి కంప్యూటరు విప్పడమేమిటని మొదట్లో నోరు తెరుచుకుని చూసినవాళ్ళే తర్వాత "కంప్యూటరక్క వచ్చింది, కాఫీ పెట్టండి" అనేవాళ్ళు. ప్రమోషన్ల గురించి రాయను. మా సెంటర్లో ప్రమోషన్ అంటే ఫ్యాను కిందికి కుర్చీ జరగడమే.

చచ్చిపోయినా ఆయనదే

మా బాసు రంగనాథ్ సార్ మడకశిర వైపు మనిషి. మాట సగం కన్నడం, సగం తెలుగు, తిట్టు మాత్రం అచ్చ తెలుగు. జీతం అడిగితే ఆయనకు ఎక్కడలేని చెవుడు వచ్చేది. సెలవు అడిగితే మనిషే కనబడేవాడు కాదు. ఆయన మీద నాకు అప్పుడూ గొప్ప అభిప్రాయం లేదు, ఇప్పుడూ లేదు, ఒక్క విషయంలో తప్ప.

నేను చేరిన కొత్తలో చింతపండు మండీ శెట్టిగారి కంప్యూటర్లో హార్డ్ డిస్కు పోయింది. మనం రాసిందీ, దాచిందీ అంతా ఆ డిస్కులోనే ఉంటుంది. కొత్తది బిగించి, పాతది ఎందుకూ పనికిరాదు గదా అని సంచిలో వేసుకుని వచ్చేశాను. రంగనాథ్ సార్ దాన్ని చూడనే చూశాడు.

"ఇదేందమ్మా?"

"చెడిపోయింది సార్. శెట్టిగారికి దాంతో ఏం పని?"

"నీకేం పని? ఆయన దుడ్లు, ఆయన ఇంటి సంగతులు అన్నీ దీంట్లో ఉండాయి. చచ్చిపోయినా అది ఆయనదే. బేగ పోయి ఇచ్చి రా పో!"

ఎండలో మళ్ళీ మండీకి నడిచాను. శెట్టిగారు ఆ డిస్కును టవలుతో తుడిచి, బొట్టు పెట్టి, గల్లాపెట్టెలో లక్ష్మీదేవి పటం పక్కన పెట్టుకున్నాడు. "ఇంట్లో ఉండేది ఇంట్లోనే ఉండాలమ్మా" అన్నాడు. దారంతా నవ్వుకుంటూ వచ్చాను. కానీ ఆ రోజు నుంచి ఎవరి పాత డిస్కూ నా సంచిలో వాళ్ళ గడప దాటలేదు.

కొత్త పిల్లలకు చెప్పేది ఇదే. మన చేతికి వచ్చేది యంత్రం కాదు, ఒకరి ఇల్లు. అందులో పెళ్ళి ఫోటోలు ఉంటాయి, కోర్టు కాగితాలు ఉంటాయి, ఎవరికీ చెప్పుకోలేని రోగాల రిపోర్టులు ఉంటాయి. కంట పడినా చూడనట్టే ఉండాలి. డాక్టరుకూ, దర్జీకీ, మనకూ ఒకటే రూలు. చూసింది బయట చెప్పేవాడికి ఈ పనిలో అన్నం పుట్టకూడదని నా కోరిక.

పెనుకొండ కీబోర్డు

పెనుకొండలో రామచంద్రయ్యగారని దస్తావేజులు రాసే పెద్దమనిషి ఉండేవాడు. ఎవరి పొలం ఎవరి పేరు మీదికి మారుతోందో ఊళ్ళో అందరికంటే ముందు తెలిసేది ఆయనకే. ఆయన గది తలుపుకు గొళ్ళెం సరిగ్గా పడేది కాదు. అందుకని సాయంత్రం పని అయ్యాక కంప్యూటరును అక్కడే వదిలి, కీబోర్డు ఊడబీకి చంకలో పెట్టుకుని ఇంటికి పోయేవాడు. పొద్దున్నే మళ్ళీ తెచ్చి తగిలించుకునేవాడు.

"ఇదేం పద్ధతి సార్?" అని అడిగాను.

"కీబోర్డు లేకుంటే వచ్చినోడు ఏం జేస్తాడమ్మా? తెర జూసుకుంటా కూర్చోవాల" అన్నాడు గర్వంగా.

ఇంకో కీబోర్డు తెచ్చి తగిలిస్తే సరిపోతుందని చెప్పాను. ఆయన మొహం వాడిపోయింది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఈ సంగతి ఇంకెవురికీ చెప్పొద్దు తల్లీ" అన్నాడు. ఎంత చెప్పినా కీబోర్డు ఇంటికి మోయడం మాత్రం మానలేదు.

సెంటర్లో ఈ కథ చెప్పి అందరినీ నవ్వించేదాన్ని. ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఆయన ఉపాయం పనికిరానిదే, కాదనను. కానీ తనవి ఏవి, అవి ఎక్కడున్నాయి, ఎవరి చేతికి అందకూడదు అన్నది ఆయనకు బాగా తెలుసు. అవన్నీ ఆ గదిలో, ఆ పెట్టెలోనే ఉన్నాయి. పెనుకొండలో అంత తేలిగ్గా ఉండింది వ్యవహారం.

మూత తీస్తే

మానేసే ముందు రోజుల్లో కొత్త రకం ల్యాప్‌టాపులు వచ్చాయి. పలుచన, తేలిక, చవక. కంప్యూటరును నడిపించే మూల ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. అప్పటిదాకా నేను చూసినవాటిలో అదీ, దాంతోపాటు మన సరుకూ పెట్టెలోపలే కాపురం ఉండేవి. ఈ కొత్త సిస్టమ్ మాత్రం ఇంటర్నెట్ మీదే నడుస్తుంది. మనం గీసిన బొమ్మ, రాసిన కాగితం, తీసిన ఫోటో అన్నీ ఎక్కడో ఉన్న కంపెనీ యంత్రాల్లోకి పోయి కూర్చుంటాయి. ఖాతా పేరు, పాస్‌వర్డ్ కొడితే చాలు, ఏ ఊళ్ళో ఏ పెట్టె తెరిచినా అవే కనబడతాయి. పెట్టె పగిలిపోయినా బాధ లేదట.

మొదటిసారి ఒకదాని మూత తీసినప్పుడు నిజంగా బిత్తరపోయాను. డిస్కు కోసం వెతుకుతున్నాను, లేదు. చిన్న చిప్పు ఒకటి ఉంది గానీ అది చేతిసంచి లాంటిది, బీరువా కాదు. కంపెనీ హెల్ప్‌లైనుకు ఫోన్ చేస్తే ఒక అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడింది.

"కస్టమరు ఫైళ్ళు ఎక్కడున్నాయమ్మా?"

"వారి ఖాతాలో ఉన్నాయి మేడమ్."

"ఆ ఖాతా ఎక్కడుంది?"

"క్లౌడ్‌లో ఉంది మేడమ్."

"అదెక్కడుంది?"

"సురక్షితంగా ఉంది మేడమ్."

"ఏ ఊళ్ళో తల్లీ?"

"మీకు ఇంకేదైనా సహాయం కావాలా మేడమ్?"

నాకు ఒళ్ళు మండింది. ఆ అమ్మాయిని అని ఏం లాభం, ఆమెకూ తెలియదు. షరతుల కాగితం చదువుదామని తెర మీద కిందికి జరిపితే అది జరుగుతూనే ఉంది. మీరెక్కడున్నారో చూడవచ్చా, మీ మాట వినవచ్చా, కెమెరా వాడుకోవచ్చా అని అడుగుతుంది. కస్టమర్లు అన్నిటికీ సరే నొక్కేవాళ్ళు. ఎందుకు నొక్కారని అడిగితే ధర్మవరంలో ఒకాయన నాకు చెప్పిన జవాబు ఇది: "అంత మర్యాదగా అడుగుతాంటే లేదని ఎట్ల జెప్పేదక్కా?"

ఆ ఒకాయన పేరు చలపతి. మిగతా కథ అతనిదే.

చిలకల అంచు

చలపతిది పట్టుచీరల ఇల్లు. సొంత మగ్గాలున్నాయి. అంచుల డిజైను తనే గీస్తాడు, నేసేది కూలికి వచ్చేవాళ్ళు. వాళ్ళలో పెద్దవాడు ఓబులేసు. బత్తలపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. వాళ్ళ నాయన కూడా ఆ ఇంటి మగ్గం మీదే నేశాడు.

ధర్మవరంలో ఒక పద్ధతి ఉంది. కొత్త అంచు మగ్గం మీద ఉన్నప్పుడు బయటి మనిషి గడప దాటి లోపలికి వస్తే, నేసేవాడు మాట్లాడుతూనే భుజం మీది టవలు తీసి, నేసినంత మేర పరిచేస్తాడు. అది తప్పని ఎవరూ అనుకోరు. నేను వెళ్ళినా పరిచేవాళ్ళు. అంత గుట్టుగా ఉండే ఇంట్లో, ఆ డిజైను గీసిన ల్యాప్‌టాపు మాత్రం కూర్చునే గదిలో బార్లా తెరుచుకుని ఉండేది. అది మంజునాథ అనే డీలరు ధర్మవరం పట్టుచీరల ఇళ్ళకు అమ్మిన కొత్త రకం పెట్టె.

ఆ ఏడు చలపతి ఒక కొత్త అంచు గీశాడు. చిలకల బారు, దానికి రెండు పక్కలా చింతాకు. బెంగళూరు షాపువాళ్ళు చూసి ముచ్చటపడి, పెళ్ళిళ్ళ సీజనుకు మొత్తం మేమే తీసుకుంటామన్నారు. ఒకటే షరతు, ఈ అంచు ఇంకెవరి దగ్గరా కనబడకూడదు. చీరలు ఇంకా మగ్గం దిగకముందే, అదే చిలకల బారు ఇంకో వీధిలో నారాయణప్ప అనే ఆయన అంగట్లో వేలాడింది.

చలపతికి పిచ్చెత్తినంత పనైంది. తను కాక ఆ అంచును కంటితో చూసి, చేత్తో నేసినవాడు ఓబులేసు ఒక్కడే. కాబట్టి దొంగ ఓబులేసే. అతణ్ణి మగ్గం మీద నుంచి లేపి పంపడమే కాదు, ఇంటింటికీ పోయి వాడికి మగ్గం ఇవ్వొద్దని చెప్పి వచ్చాడు. ధర్మవరంలో నేతగాడికి అంతకంటే పెద్ద శిక్ష లేదు. డిజైను దొంగ అని పేరు పడ్డాక అతణ్ణి ఎవరు లోపలికి రానిస్తారు?

నాకు ఫోన్ చేసింది చలపతి భార్య పద్మావతి.

"అక్కా, ఓబులేసు అట్లాంటోడు కాదు. మా ఇంట్లో అన్నం తిన్నోడు. ఆ పెట్టెలోనుంచి ఏమన్నా బయటికి పోయిండాదేమో నువ్వొచ్చి చూడు. వాళ్ళింట్లో పొయ్యి వెలగడం ల్యా."

కంపెనీ పాప

వెళ్ళాను. చలపతి మొహం ముడుచుకుని కూర్చున్నాడు. "ఏం జూస్తావక్కా దాంట్లో? మిషన్‌కేం పాడు, మనిషే కంత్రీ" అన్నాడు. నేను పెట్టె ముందు కూర్చున్నాను. ఎవరైనా వైరస్ పంపారా, ఎవరైనా బయట నుంచి జొరబడ్డారా అని నాకు తెలిసిన దారులన్నీ వెతికాను. ఏమీ దొరకలేదు. దొరికినా ఆ సిస్టమ్‌లో నాకు అర్థమవుతుందన్న నమ్మకమూ లేదు. ఇంతకాలం పనిచేసి ఒక పెట్టె ముందు అంత వెర్రిమొహం వేసుకుని నేనెప్పుడూ కూర్చోలేదు.

కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే ఆ తెర మీద ఫోటోలు వాటంతటవే మారుతుంటాయి. ఒక ఫోటో వచ్చింది. గుండు కొట్టించి, గంధం పూసిన ఆడపిల్ల. చెవులు కుట్టిస్తున్నారు. నోరంతా తెరిచి గుక్కపెట్టి ఏడుస్తోంది.

"ఎవరీ పాప? మీ బంధువులా?" అన్నాను.

"కాదక్కా, కంపెనీ పాప" అంది పద్మావతి. "మిషన్ తెచ్చినప్పటి నుంచి వస్తాంటాది. మా అవ్వకు ఆ పాపంటే చానా ఇష్టం."

నాకు ఏదో తేడా కొట్టింది. ఏ కంపెనీ అయినా నవ్వే పిల్లను పెట్టుకుంటుంది గానీ ఏడ్చే పిల్లను ఎందుకు పెట్టుకుంటుంది? పద్మావతి ఇంకో మాట కూడా చెప్పింది. వాళ్ళింట్లో చిన్నపిల్లలే లేరు, అయినా ఆ పెట్టె ఎప్పుడు తెరిచినా పసిపిల్లల చెవి కమ్మల ప్రకటనలు చూపిస్తుందట. "దానికేమన్నా బుద్ధుండాదా?" అని నవ్వింది.

నారాయణప్ప ఇంట్లోనూ మంజునాథ అమ్మిన పెట్టే ఉందని తెలిసి, అదీ చూద్దామని బయల్దేరాను. చలపతి రానన్నాడు. పద్మావతి వచ్చింది. గడపలో అడుగు పెట్టేసరికి ఒక చిన్నపిల్ల పరుగెత్తుకుంటూ వచ్చి నా సంచి పట్టుకుంది. తల మీద ఇప్పుడిప్పుడే మొలుస్తున్న జుట్టు, చెవులకు కొత్త కమ్మలు. సంచి ఇవ్వకపోయేసరికి నోరంతా తెరిచింది. ఆ నోరు నేను చూసిందే.

"అయ్యో, కంపెనీ పాప!" అంది పద్మావతి.

"ఏ కంపెనీ?" అన్నాడు నారాయణప్ప లోపలి నుంచి వస్తూ. "మా మనవరాలు గదమ్మా!"

కూర్చోబెట్టి నీళ్ళిచ్చాడు. పెట్టె తెరిచి చూపమంటే సంతోషంగా చూపించాడు. చలపతి గీసిన అంచులన్నీ వరసగా ఉన్నాయి. చిలకల బారు కూడా ఉంది.

"ఇవి మీకు ఎక్కడివి?" అని అడిగాను.

"మిషన్‌తో పాటే వచ్చినాయి. కంపెనీవాళ్ళు మనది ధర్మవరం గదా అని పట్టుచీరల బొమ్మలే పెట్టి పంపినారు. మంచోళ్ళు. రోజూ కొత్తవి కూడా పంపిస్తాంటారు" అన్నాడు. ఆయన మొహంలో కల్లాకపటం లేదు. కంపెనీ మీద నిజమైన కృతజ్ఞత ఉంది.

పద్మావతి మొగుడికి ఫోన్ చేసింది. చలపతి రావడమే అరుస్తూ వచ్చాడు. "దొరికినావు గదప్పా! నా చిలకలు నీ ఇంట్లో యాడ నుంచి వచ్చినాయి?"

"నీ చిలకలా? కంపెనీవి గదా!" అన్నాడు నారాయణప్ప. తర్వాత తెర దగ్గరికి వంగి, చలపతి అంచును పరకాయించి చూశాడు. "ఉండుండు. చిలకలు నీవే అనుకుందాం. ఈ పక్కనుండే చింతాకు ఎవురిది? మా నాయన గీసినది ఇది. గ్రాఫు కాగితం లోపల పెట్టెలో ఉండాది, తెచ్చేదా?"

చలపతి కూడా వంగి చూశాడు. "అది... మిషన్‌తో పాటే వచ్చింది" అన్నాడు.

అందరూ ఒకే మనిషి

మంజునాథను పిలిపిస్తే విషయం బయటపడింది. అతను చెడ్డవాడు కాదు, నన్నడిగితే అతిమంచివాడు. ఖాతా తెరవాలంటే ఈమెయిల్ కావాలి, ఫోనుకు ఓటీపీ వస్తుంది, పాస్‌వర్డ్ గుర్తుండాలి. పెట్టెలు కొన్నవాళ్ళు ఇవన్నీ మాకెందుకప్పా, నువ్వే చూసుకో అన్నారు. అతను చూసుకున్నాడు. అన్ని ఇళ్ళ పెట్టెలనూ తన ఒక్క ఖాతాతోనే తెరిచి ఇచ్చాడు.

"ఏం జెయ్యాలక్కా? పాస్‌వర్డ్ మర్సిపోయి పొద్దస్తమానం నా ప్రాణం తీస్తాండ్రి. ఓటీపీ నాకే వస్తే చెప్తాంటి. ఒక్క రూపాయి తీసుకోలేదు, సేవ గదా ఇది!" అన్నాడు. ఏడుపు ఒక్కటే తక్కువ.

ఆ విధంగా కంపెనీ లెక్కలో ధర్మవరం పట్టుచీరల ఇళ్ళన్నీ కలిసి ఒకే మనిషి. ఆ మనిషి చిలకలు గీస్తాడు, చింతాకులు గీస్తాడు, పాపకు చెవులు కుట్టిస్తాడు. అందుకే ఆ మనిషికి కమ్మల ప్రకటనలు చూపిస్తుంది. ఎవరింట్లో ఏది గీసినా అది అన్ని ఇళ్ళలో తేలుతుంది. ఎవరింట్లో తేలితే వాళ్ళకు అది కంపెనీ ఇచ్చిన కానుక.

వాళ్ళిద్దరూ నా వైపు చూశారు. "నువ్వు చెప్పక్కా, తప్పెవురిది?"

నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. చలపతి నారాయణప్ప సొత్తు వాడుకున్నాడు, నారాయణప్ప చలపతి సొత్తు వాడుకున్నాడు, ఇద్దరిలో ఎవరూ దొంగ కాదు. మంజునాథ సాయం చేశాడు. పెట్టె చెప్పినట్టు చేసింది. మరి ఆ కమ్మల ప్రకటన పంపినవాడు ఎవడు? పాప చెవులు కుట్టించారని వాడికెందుకు తెలియాలి? అది కూడా షరతుల్లో ఉందట, మనం సరే అన్నామట. మనం అంటే ఎవరు, ఖాతా తెరిచినప్పుడు సరే నొక్కింది మంజునాథ గదా? ఇలా ఆలోచిస్తూ పోతే నాకు తల తిరుగుతుంది. డిస్కు చేతికి వస్తే తుడిచి ఇచ్చేయగలను. దీన్ని దేన్ని పట్టుకుని ఎవరికి ఇవ్వాలి?

కొత్త పిల్లలకు నేను చెప్పగలిగింది చిన్న మాట. ఎవరి ఖాతా వాళ్ళకే తెరవండి. కస్టమరు విసుక్కున్నా, తిట్టినా, పక్కన కూర్చుని అతని ఫోనుతోనే, అతని చేత్తోనే చేయించండి. అంతకుమించి నాకు తెలిస్తే మీకు దాచను.

ఆ రోజు ఎవరి ఖాతా వాళ్ళకు విడగొట్టాను, ఎవరి బొమ్మలు వాళ్ళకు పెట్టాను. కంపెనీ దగ్గర పాతవి నిజంగా చెరిగిపోయాయా అని అడిగారు. తెర మీద చెరిగిపోయాయని చెప్పాను. నారాయణప్ప చిలకల చీరలు అంగట్లోనుంచి తీసేస్తానన్నాడు. చింతాకు వాడుకోమని చలపతికి అక్కడికక్కడే మాట ఇచ్చాడు. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని కాఫీ తాగుతూ మంజునాథను తిట్టడం మొదలుపెట్టారు, అతను కూడా వాళ్ళతోపాటే కాఫీ తాగుతున్నాడు.

"ఓబులేసు సంగతేంది?" అంది పద్మావతి.

చలపతి కాఫీ గ్లాసు కింద పెట్టాడు. నాకు సిగ్గేసింది, అంతసేపూ నా తల నిండా ఖాతాలే ఉన్నాయి.

"రేపొచ్చి కూర్చోమని ఫోన్ జేద్దాం లే" అన్నాడు చలపతి.

"దొంగని చెప్పడానికి ఇల్లిల్లూ నడిసి పోయినావు. కాదని చెప్పడానికి ఫోనా?" అంది ఆమె. ఆ గొంతు విని నారాయణప్ప మనవరాలు కూడా ఏడుపు ఆపింది.

బత్తలపల్లిలో

చలపతి, పద్మావతి, నేను బత్తలపల్లి వెళ్ళాం. నువ్వు చెబితే నమ్ముతాడని నన్ను తీసుకెళ్ళారు. ఓబులేసు ఇంటి ముందు చెనిక్కాయలు, అదే వేరుశనగకాయలు, ఒలుస్తున్నాడు. మగ్గం పోయినప్పటి నుంచి అదే కూలి. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు గానీ కూర్చోమనలేదు. అతని వేళ్ళు చూసి నాకు ప్రాణం చివుక్కుమంది. చర్మం లేచి, పగుళ్ళు వచ్చాయి. పట్టు నేసేవాడి వేళ్ళు నున్నగా ఉండాలి, లేకపోతే పోగు తగులుకుని తెగిపోతుంది. ఆ చేతులతో ఇప్పుడిప్పుడే మగ్గం మీద కూర్చోలేడని చలపతికి నాకంటే బాగా తెలుసు. అతను తల తిప్పుకున్నాడు.

నేనే మొదలుపెట్టాను. ఖాతా అంటే ఏమిటో, ఓటీపీ ఎవరి ఫోనుకు వచ్చిందో, ఒక ఇంట్లో గీసింది ఇంకో ఇంట్లో ఎట్లా తేలిందో, అన్నీ విప్పి చెప్పాను. చెబుతుంటే నా మాటలు నాకే ఎక్కడో గాల్లో ఉన్నట్టు అనిపించాయి. ఓబులేసు అడ్డం రాకుండా చివరిదాకా విన్నాడు.

"అయిపోయిందా అక్కా?" అన్నాడు.

"అయిపోయింది. నీ తప్పేమీ లేదని తేలింది."

"మిషన్‌ను అడిగి తేల్చినారు" అన్నాడు. కోపంగా అనలేదు. తర్వాత చలపతి వైపు తిరిగాడు. "నేను తియ్యలేదని నాకు ముందే తెలుసన్నా. నన్ను అడిగింటే చెబుతాంటి. ఊరంతా చెప్పినావు. నన్ను ఒక్క మాట అడగలేదు."

"అడగాల్సిండె అబ్బా" అన్నాడు చలపతి నేల చూస్తూ. "తప్పయిపోయింది."

"ఇప్పుడడుగు."

చలపతి తలెత్తాడు. "ఇప్పుడేం అడిగేదబ్బా? అంతా తెలిసిపాయ గదా."

"అడుగన్నా."

పక్కింటివాళ్ళు గడపల్లోకి వచ్చి చూస్తున్నారు. పద్మావతి మొగుడి మొహంలోకి చూస్తూ నిలబడింది, సాయం రాలేదు. చలపతి గొంతు సవరించుకున్నాడు.

"ఓబులేసూ, నా అంచు నువ్వు తీసినావా?"

"లేదన్నా" అన్నాడు ఓబులేసు.

తర్వాత లోపలికి పోయి చాప తెచ్చి పరిచాడు.